ఆధునిక ప్రొటెస్టెంటు వేదాంతమును మన సంఘములును

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల కుల వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ప్రసంగపాఠము)



కులసభలో వేదాంతోపన్యాసమేమిటని నిన్న రాత్రి భోజనముల పందిటిలో కొందరు నవ్వుకొనిరి. వారి నవ్వు అకారణము కాదు. భూమి, చదువు, ఉద్యోగము, శ్మశానమునకు దారి, ఇవి మన సభ పట్టించుకొనవలసిన పనులు. అయినను కార్యవర్గమువారు నాకీ విషయమునే యిచ్చిరి. కారణము రహస్యము కాదు. నేటి మధ్యాహ్నము మీ ముందుకు రానున్న తీర్మానములలో నొకటి, మన విద్యార్థి సహాయనిధినుండి బాప్తిస్మము పొందిన కుటుంబముల పిల్లలకు సహాయము చేయరాదనుచున్నది. ఇదే సమయమున చర్చిపెద్దలు కొందరు, కులసభ లోకసంబంధమైనది గనుక విశ్వాసులు దానికి పోరాదని తమవారికి చెప్పియున్నారు. ఒకరు గుడి తలుపు మూయుచున్నారు. ఒకరు సభ తలుపు మూయుచున్నారు. రెండు వాకిళ్ల నడుమ నిలిచినది కాలేజీలో చేరగోరు ఒక పేదపిల్ల. ఆ పిల్లకొరకే నేనీ విషయమును మాటలాడ నొప్పుకొంటిని.

మొదట ఒక మాటను గమనింపుడు. మన తెలుగులో 'సంఘము' అను పదము మూడు పనులు చేయుచున్నది. ఆదివారమునాడు పల్లెలో సంఘము కూడినదన్న చర్చి యని యర్థము. సంఘము తీర్మానించినదన్న ఈ మన కులసంఘము. సంఘసంస్కరణమన్నచో సమస్త జనసమాజము. ఇంగ్లీషువారికి ఈ మూటికి మూడు వేర్వేరు మాటలు గలవు. మనకొక్కటియే గలదు. ఇది మన భాష పేదరికమని కొందరందురు, నేనట్లనుకొనను. ఈ మూడు సంఘములకు ఒకదానితో నొకటికి గల సంబంధమేమి యను ప్రశ్నయే గడచిన నూరేండ్లకు పైగా ప్రొటెస్టెంటు పండితులను నిద్రపోనీయక వేధించినది. వారు లావుపాటి గ్రంథములలో వెదకిన ముడి మన నాలుకమీదనే యున్నది.

వేదాంతమనగా ఉపనిషత్తులు గదా, క్రైస్తవులకు వేదాంతమేమిటని పోషకులలో నొకరు ప్రశ్నించిరి. దేవునిగూర్చియు, దేవునికి మనుష్యులతో గల వ్యవహారమునుగూర్చియు చేయు విచారణకు మన తెలుగు క్రైస్తవులు ఆ పేరునే వాడుకొనిరి. పాస్టరులు చదువు కళాశాల వేదాంత కళాశాల. పేరు అరువుదైనను పని వారిదే.

ఇక ఐరోపాకు పోవుటకు ముందు మన మెట్టసీమను చూతము. ఉదయగిరి కొండకోటను 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచెనని బడిపిల్లలందరు చదువుదురు. ఆ కోటకు నీరు మోసినవారెవరో, గుఱ్ఱములకు జీనులు కుట్టినవారెవరో ఆ పాఠములో లేదు. చెరువు నిండని యేట బావులే దిక్కైన సీమ యిది. పంపుసెట్లు రాకముందు బావినుండి చేనికి నీరు తోడినది కపిల. ఎద్దులు రైతువి, బావి రైతుది. కపిలకు తగిలించు తోలుబాన మాత్రము మనవాడు కుట్టి యిచ్చినది. ఆ బానతో తోడిన నీరు చేనంతయు పారును. బాన కుట్టినవాని యిల్లాలు కడవ చంకనిడుకొని వచ్చినచో ఆ బావిగట్టు నెక్కరాదు. ఎవరైనను పోయుదురేమోయని దూరమున నిలువవలెను. రైతు దుర్మార్గుడు కానక్కరలేదు. దయగలవాడే కావచ్చును, పండుగనాడు మనకు గుడ్డ పెట్టినవాడే కావచ్చును. ఒక్కొక్కరిని విడదీసి విచారించిన ఎవరియందును ఘోరమైన దోషము కనబడదు. అందరు కలిసిన ఏర్పాటు మాత్రము ఘోరము. ఈ కపిలను మనస్సులో నుంచుకొనుడు. దీనిని మరల అడిగెదను.

అమెరికా బాప్తిస్టు మిషనువారైన శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు చేరెను. పాతికేండ్లు గడచినను చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. మిషనును మూసివేయుదమని అమెరికాలో ఒకసారి గాదు, పలుమార్లు చర్చ జరిగెను. 1865లో జాన్ క్లౌ దొర వచ్చెను. మరుసటి యేట ఆయన ఒంగోలు చేరెను; 1904 వరకును ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనిదే. అచట 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను. పిదప ఆ యల పడమటికి పాకినది. ఉదయగిరిలో 1885లోను, ఆత్మకూరులోను కావలిలోను 1893లోను మిషను స్థానములు వెలసెను. మీలో సగముమంది యిండ్లలో గోడకు వ్రేలాడు పాత ఛాయాపటములకు ఈ తేదీలే మూలము.

ఆ కదలికను తెచ్చినది దొర మాత్రమే యనుకొనరాదు. యర్రగుంట్ల పేరయ్య యను మన కులస్థుడు తోళ్ల బేరగాడు. దొరను కలియుటకు ముందే యోగమార్గమున గురువు నాశ్రయించి దేవుని వెదకినవాడు. బేరముమీద ఉత్తరమునకు పోయినచోట ఈ క్రొత్త మతవార్త విని, తానుగా జ్యువెట్టు, క్లౌ దొరలను వెదకుకొనుచు వచ్చెను. తోళ్లమూట మోసిన దారినే ఆయన వార్తను మోసెను. మన జిల్లా క్రైస్తవమునకు తొలి వేదాంతి యెవరని నన్నడిగిన నేను పేరయ్య పేరే చెప్పెదను. ఆయన గ్రంథము వ్రాయలేదు, ఊరూర నడచెను.

క్రొత్తగా చేరువారికి క్లౌ దొర పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారము పని మానవలెను; చచ్చిన గొడ్డు మాంసము తినరాదు; విగ్రహములకు మ్రొక్కరాదు. దొరకు అవి మతనియమములు. ఊరికి అవి వేరుగా వినబడెను. ఆదివారము పని మానుటయనగా మోతుబరి పిలిచినప్పుడు పోకుండుట. గొడ్డును ముట్టకుండుటయనగా తరతరముల కట్టుబాటును, దానితో వచ్చు కళ్లపు గింజలను వదలుకొనుట. విగ్రహమునకు మ్రొక్కకుండుటయనగా జాతరలో డప్పు కొట్టనని చెప్పుట. ఒక్కొక్క నియమము ఊరిబంధమునందలి ఒక్కొక్క పేటును తెంచినది. కరణములు, పెద్దరైతులు ఊరకుండిరా? మనవారికి అంగళ్లు మూసిరి, నీరు ఆపిరి, తప్పుడు వ్యాజ్యములు తెచ్చిరి. ఒక్క బాప్తిస్మముతో ఇన్ని తగవులు వచ్చునని ఏ వేదాంత పాఠశాలలోను ఆ దొరలకు చెప్పియుండలేదు.

డప్పును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పి పోయెదను. నేడు మన యువకులు డప్పును మన కళయని, మన గౌరవమని తలకెత్తుకొనుచున్నారు. చర్చిపెద్దలకు అది కంటగింపుగా నున్నది. నాకు మాత్రము డప్పును క్రింద పెట్టిన తాతయు, దానిని పైకెత్తిన మనుమడును ఒకే పని చేసినట్లు కనబడును. కొట్టుమని ఆజ్ఞాపించు హక్కు ఎవరిదన్నదే ఇద్దరి తగవును.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన కరవు వచ్చెను. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా, సర్వేపని యెరిగిన క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలువకు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న పల్లెలను పనిలో పెట్టెను. సాయంకాలము పని దిగిన పిదప బోధకులు వారి నడుమ కూర్చుండి కథలు చెప్పిరి. కరవు తీరువరకు ఎవరికిని బాప్తిస్మమీయనని ఆయన పట్టుపట్టెను. గింజలకొరకు మతము మారిరని అనిపించుకొనుటకు ఆయనకిష్టము లేకుండెను. సహాయము ఆగిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఏడాది ముగియులోపల ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను. కూటికొరకు కలిసినవారను నింద నేటికిని మనమీద నున్నది. కూడు పెట్టినంతకాలము బాప్తిస్మమీయలేదను సంగతి మాత్రము నిందించువారెవరికిని జ్ఞాపకముండదు.

ఇక్కడనే వేదాంతమునకు చిక్కు వచ్చినది. బాప్తిస్టుల మూలసిద్ధాంతమేమనగా, ప్రతి మనుష్యుడును ఒంటరిగా దేవుని యెదుట నిలిచి, తన పాపము తానొప్పుకొని, తన విశ్వాసము తాను చెప్పవలెను. తల్లిదండ్రుల విశ్వాసము బిడ్డకు చెల్లదు. అందుచేతనే వారు పసిబిడ్డలకు బాప్తిస్మమీయరు. అట్టి సిద్ధాంతముతో వచ్చినవారి యెదుట మనుష్యుడు గాక పల్లెయే నిలిచినది! పెద్దలు రచ్చచెట్టుక్రింద కూర్చుండి మాటలాడుకొని, పల్లెకు పల్లెగా కదలివచ్చిరి. ఇది విశ్వాసమా, కట్టుబాటా యని స్వదేశమున కొందరు శంకించిరి. క్లౌ దొర తన జీవితాంతమున, ఎమ్మా దొరసాని సహాయముతో చెప్పుకొనిన వృత్తాంతము, ఆయన 1910లో గతించిన పిమ్మట 1914లో 'ప్రాచ్యదేశమున సాంఘిక క్రైస్తవము' అను నర్థమిచ్చు పేరుతో అచ్చుపడెను. మనుష్యులు కట్టుగా బ్రతుకుదురు, కట్టుగానే కదలుదురని ఆ గ్రంథపు సారాంశము. ఆ మాట ఆయనకు నేర్పినవి మన పల్లెలే.

ఆ దొరసానిగారి సంగతి మీకు చెప్పుటకు నేను ఉవ్విళ్లూరుచున్నాను. ఆమె పుట్టినింటి పేరు రౌషెన్‌బుష్. ఆమె అమెరికా దేశపు జర్మను బాప్తిస్టు పండితుని కుమార్తె. ఒంగోలు వచ్చి, 1894లో క్లౌ దొరను వివాహమాడి, మన కులపు పెద్దలు చెప్పిన గురువుల కథలను, కుటుంబముల కథలను సేకరించి 1899లో 'చెప్పులు కుట్టుచు' అను నర్థమిచ్చు పేరుతో పుస్తకము వ్రాసినది. దొరసాని కన్నుతో చూచినది గనుక అందలి కొన్ని మాటలు మనకు రుచింపవు. అయినను మన తాతలను పేరుపేరున మనుష్యులుగా నిలిపిన తొలి పుస్తకములలో నది యొకటి. ఆమె సొంత తమ్ముడే వాల్టర్ రౌషెన్‌బుష్. ఆధునిక ప్రొటెస్టెంటు వేదాంతమును వ్రాయువారెవరును ఆ పేరును దాటి పోలేరు.

వాల్టర్ 1886లో న్యూయార్కు నగరమున, 'నరకపు వంటిల్లు' అని జనులు పిలిచిన పేదల పేట చెంత, జర్మను వలసకూలీల సంఘమునకు కాపరిగా కుదిరెను. ఆత్మలను రక్షింపవచ్చినవాడు పసిపిల్లల శవపేటికలవెంట నడువవలసివచ్చెను. గాలిరాని గదులు, చాలని కూలి, పనిలేని తండ్రులు పిల్లలను చంపుచుండగా, ఒక్కొక్క తల్లికి వ్యక్తిగత పాపమునుగూర్చి బోధించుటతో పని తీరునా? ఈ ప్రశ్నయే ఆయనచేత 1907లో 'క్రైస్తవమును సాంఘిక విపత్తును' అను గ్రంథమును, 1917లో సాంఘిక సువార్తకు తగిన వేదాంతమును వ్రాయించెను. పాపము మనుష్యుని గుండెలో మాత్రమే కాపురముండదు. అది చట్టములలో, ఆచారములలో, కూలిరేట్లలో ఇల్లు కట్టుకొని, తరమునుండి తరమునకు దిగుచుండును. ఒక్కొక్క మనుష్యుని మించిన దుష్టశక్తిగా పనిచేయును. యేసు బోధించిన దేవుని రాజ్యము చచ్చిన తరువాత చేరు ఊరు గాదు. ఈ భూమిమీది యేర్పాట్లు మారుట అందులోనిదే. ఇదియే ఆయన వాదము. నేనింతకుముందు చెప్పిన కపిలను ఆయన చూచియుండలేదు. చూచియుండినచో మరియొక ఉదాహరణము వెదకియుండడని నాయూహ.

యేసును సిలువకెక్కించిన సాంఘిక పాపములు ఆరని ఆయన లెక్కించెను. మతమౌఢ్యము, లంచము పట్టిన రాజ్యాధికారము, న్యాయస్థానపు చెడుగు, మూక ఆవేశము, సైనికదర్పము ఐదు. ఆరవది యేమో వినుడు: తరగతి చూచి మనుష్యుని చులకన చేయుట. దానికి మన దేశమున పెట్టవలసిన పేరు నేను చెప్పనక్కరలేదు. తమ్ముడు న్యూయార్కు పేటలో చూచినదానిని అక్క ఒంగోలు పల్లెలలో చూచెను.

ఈ వేదాంతము నంతటిని నేను తలకెత్తుకొనను. దానికి ఆశ యెక్కువ, అనుమానము తక్కువ. మంచివారు పూనుకొనిన సంఘము మంచిదగునని అది నమ్మెను. మన కావలినే చూడుడు. నేరస్థుల జాతులని చట్టముచేత ముద్రవేయబడిన ఎరుకల కుటుంబములను 1910ల దశాబ్దములో ప్రభుత్వము సెటిల్‌మెంటులో నుంచి, దాని యాజమాన్యమును మిషనువారి కప్పగించెను. వారు బడి పెట్టిరి, పని నేర్పిరి, వైద్యము చేసిరి, ఇవి నిజములే. హాజరు పిలిచినవారును, వెలుపలికి పోవుటకు చీటీ యిచ్చినవారును వారే. దయయు తాళపుచెవియు ఒకే చేతిలో నుండెను. పుట్టుకచేత దొంగయన్న చట్టమును 1952లో రద్దుచేసినది స్వతంత్ర ప్రభుత్వమే గాని దయగల యాజమాన్యము కాదు.

ఐరోపాలో ఆ నమ్మకము 1914లో కూలిపోయినది. స్విట్జర్లాండులో సాఫెన్‌విల్ అను మిల్లు గ్రామమున కార్ల్ బార్త్ అను యువకుడు కాపరిగా నుండి, నేతకూలీల పక్షమున నిలిచి, యజమానుల కోపమునకు పాత్రుడై యుండెను. ఆ యేడు జర్మనీలో తొంబదిమూడుగురు మేధావులు చక్రవర్తి యుద్ధమును సమర్థించుచు ప్రకటన చేయగా, అందు తనకు వేదాంతము నేర్పిన గురువుల సంతకములును ఉండెను. దేవుడు మన నాగరికతలోనే, మన జాతిలోనే, మన అభ్యుదయములోనే యున్నాడని చెప్పినవారు చివరకు ఫిరంగులకును దేవుని పేరే పెట్టిరి. 1919లో రోమా పత్రికకు బార్త్ వ్రాసిన వ్యాఖ్య దీనికి జవాబు. దేవుడు దేవుడే. ఆయన మన జాతికి పాలేరు కాడు, మన పార్టీకి జెండా కాడు, మన సంఘమునకు ముద్ర కాడు. మన ప్రతి ఏర్పాటుమీదను ఆయన మొదట పలుకు మాట 'కాదు' అనునదే.

ఇది చదివిన కొందరు, అయినచో లోకమును విడిచి ప్రార్థన చేసికొందమనుకొనిరి. మన చర్చిపెద్దల వాదము అట్టిదే. బార్త్ అట్లు చేయలేదు. హిట్లరు ప్రభుత్వము వచ్చిన 1933లోనే, యూదుల పుట్టుక గలవారు బాప్తిస్మము పొందినవారైనను సంఘపు పదవులకు అర్హులు కారను నిబంధన జర్మను సంఘములలో దిగెను. 1934 మేలో బార్మెన్ పట్టణమున కూడిన సంఘప్రతినిధులు, క్రీస్తు మాటకు సాటిగా మరియొక నాయకుని గాని జాతిని గాని రాజ్యమును గాని ఒప్పుకొనమని ప్రకటించిరి. ఆ ప్రకటనను ముఖ్యముగా వ్రాసినది బార్త్. అందు యూదులనుగూర్చి ఒక్క వాక్యమైన లేకపోవుట దాని గొప్ప లోటు. బోన్‌హోఫర్ అను యువ వేదాంతి ఆ నిబంధనను మొదటనే యెదిరించినవాడు, తుదకు 1945 ఏప్రిలు 9న ఉరిదీయబడెను.

ఈ జర్మనీ కథను ఇంతదూరము మోసితెచ్చుటకు కారణము మీకిప్పటికే తట్టియుండును. అచట బాప్తిస్మము పొందినను పుట్టుక చూచి గెంటిరి. ఇచట పుట్టుక ఒక్కటియైనను బాప్తిస్మము చూచి గెంటుదమని మన తీర్మానము. చర్చివైపును తక్కువ తినలేదు. ఒకే ఊరిలో మాలపల్లెకొక మందిరము, మాదిగపల్లెకొక మందిరముగా నుండి, ఒకరి ప్రభువు బల్లయొద్దకు మరియొకరు పోని చోట్లు ఆంధ్రదేశమున ఇంకను గలవు. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు పాస్టరుగారు సైతము మొదట అడుగునది విశ్వాసము కాదని మనకందరకు తెలియును.

1938 డిసెంబరులో మదరాసు చెంత తాంబరమున ప్రపంచ మిషనుల మహాసభ జరిగినప్పుడు, బార్త్ మార్గమున నడచిన డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్, మానవ మతములన్నిటిమీదను దేవుని తీర్పు గలదని వాదించెను. ఆయనకు ఎదురు నిలిచినవారిలో ముఖ్యుడు మన నెల్లూరివాడే. 1886లో నెల్లూరున జన్మించి, బాల్యముననే తండ్రితో కూడ క్రైస్తవుడై, న్యాయవాదియై, పుదుక్కోట సంస్థానమున న్యాయమూర్తిపదవి నలంకరించిన పాండిపెద్ది చెంచయ్యగారు. క్రీస్తు సృష్టిలో పుట్టిన క్రొత్త మానవుడు, ఆయనను చేరుటకు పడమటివారు కట్టిన సంఘపు గోడ అక్కరలేదని చెంచయ్యగారి మతము. మహామేధావి. అయినను నాకొక సందేహము. విద్యయు పలుకుబడియు గలవానికి సంఘపు గోడ అడ్డమే. ఊరు వెలివేసిన పల్లెవానికి ఆ గోడమీది కప్పే వానలో నీడ. చెంచయ్యగారు వద్దన్న గోడను ఉదయగిరి పల్లెలలో మన అవ్వలు మట్టి మోసి కట్టిరి.

ఇప్పుడు మన కులసంఘము వంతు. అమెరికాలో డెట్రాయిటు మోటారు కార్ఖానాల కూలీల నడుమ పదమూడేండ్లు కాపరిగా నుండిన రైన్‌హోల్డ్ నీబూర్ 1932లో ఒక చేదుమాట వ్రాసెను. మనుష్యుడు ఒంటరిగా నున్నప్పుడు ధర్మమునకు లోబడగలడు. గుంపైనప్పుడు, తన గుంపు మేలే ధర్మమని నమ్మును. సొంతమునకు దోచుకొనుటకు సిగ్గుపడువాడు కులముకొరకు, జాతికొరకు సిగ్గుపడడు. పైగా త్యాగము చేయుచున్నాననుకొనును. గుంపుల అన్యాయము ప్రార్థనతోను, మంచిమాటతోను పోదు; దానికెదురు బలము కావలెను. అందుచేతనే దెబ్బతిన్నవారు సంఘముగా కూడుట తప్పు గాదు, అవసరము. బాప్తిస్టు బోధకుడైన మార్టిన్ లూథర్ కింగు రౌషెన్‌బుష్‌ను, నీబూర్‌ను ఇద్దరిని చదివి, ఒకరినుండి ఆశను, ఒకరినుండి అనుమానమును గ్రహించి, నీగ్రోజాతివారి ఉద్యమమును నడిపెను. కులసభ లోకసంబంధమైనదనువారికి ఇది నా సమాధానము. లోకసంబంధమైన సంకెలను తెంచుటకు లోకసంబంధమైన సుత్తెయే కావలెను.

ఆ సుత్తె పట్టినవారు తమ చేతినికూడ చూచుకొనవలెను. మనమును గుంపే. దెబ్బతిన్నంతమాత్రమున మనకు పక్షపాతము పుట్టదని ఎవరు చెప్పిరి? పొరుగుపల్లె పిల్లవాడు మనకన్న పేదవాడైనప్పుడు మన నిధి యేమి చేయునని ఈ సభలో ఎవరైన ఎప్పుడైన అడిగితిరా? పోషకులు క్షమింతురుగాక, చందా పుస్తకములో ఆ ప్రశ్నకు చోటు లేదు.

మన దేశమున ఈ విచారణ 1981లో మరియొక మలుపు తిరిగెను. బెంగుళూరు ఐక్య వేదాంత కళాశాలలో ఎ. పి. నిర్మల్ చేసిన ప్రసంగము నుండియే దళిత వేదాంతమునకు ఆరంభము చెప్పుదురు. దేవుని తెలిసికొనుటకు పండితుని తర్కము గాక, త్రొక్కబడినవాని వేదనయే దారియని దాని పునాది. మరుసటి యేట కె. విల్సన్ హైదరాబాదునుండి ప్రకటించిన గ్రంథపు పేరు మన క్రైస్తవ సోదరుల జాతకమును ఒక్కమాటలో చెప్పును: రెండుమారులు వెలియైనవారు. ఊరు కులము చూచి వెలివేసినది. చట్టము మతము చూచి వెలివేసినది.

చట్టము సంగతి పోషకులలో లాయరులున్నారు గనుక క్లుప్తముగా చెప్పెదను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు మూడవ పేరా, హిందూమతము గాక వేరొక మతము నవలంబించువారు షెడ్యూల్డు కులస్థులు కారన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది సడలినది. క్రైస్తవులకును ముసల్మానులకును సడలలేదు. మతము మారిన మనవారు రాష్ట్రములో వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున, నూటికొక్క వంతు క్రింద నున్నారు. 2007లో రంగనాథ మిశ్రా కమిషను మతపు షరతును తీసివేయుమన్నది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఈ ప్రశ్నను విచారించుటకే కె. జి. బాలకృష్ణన్‌గారి యధ్యక్షతను కమిషను నియమించినది. ఇంతలో పల్లెలో జరుగుచున్నదేమి? చర్చి పుస్తకములో ఒక పేరు, బడి పుస్తకములో ఒక పేరు. ఆదివారము నిజము చెప్పుమని నేర్పిన తల్లియే సోమవారము దరఖాస్తులో మతమును దాచుమని బిడ్డకు చెప్పవలసియున్నది. పాపము ఆ తల్లిదా? కపిలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

తీర్మానము తెచ్చినవారి భయము నాకు తెలియును. క్రైస్తవ పిల్లలకు సహాయము చేసినచో మన సంఘపు హక్కులకే ముప్పు వచ్చునని వారి యనుమానము. అయ్యా, కులధ్రువపత్రము నిచ్చునది తహశీల్దారు, మన కోశాధికారి కాదు. మన నిధి సర్కారు సొమ్ము కాదు; కూలిడబ్బులలో మిగిల్చిన చందా, ఉద్యోగస్థుల నెలచందా, పోషకుల విరాళము. సర్కారు గీచిన గీతను సర్కారు కచ్చేరిలోనే యుండనిండు; మన పందిటిలో మన చేతులతో మరల గీయనేల? పల్లెమీద కఱ్ఱలతో పడువాడు మన మతమడిగి కొట్టడు. మన యింటి వాసాలు పీకువాడు సిలువను చూచి వెనుదిరుగడు.

కావున సవరణ నొకటి వ్రాసి తెచ్చితిని. సహాయనిధి దరఖాస్తునుండి మతమను గడిని కొట్టివేయవలెను. కుటుంబపు ఆదాయమును, పిల్ల మార్కులను చూచి సహాయము చేయవలెను. నిధిలో పదవవంతును పొరుగుపల్లె పిల్లలకు, వారే కులమువారైనను, కేటాయింపవలెను. ఈ చివరిమాటకు గొణుగుడు వినబడుచున్నది, ఆశించినదే. చర్చిపెద్దలకును మనవి చేయుచున్నాను. వారమునకు ఆరు దినములు తాళము వేసియుండు మీ మందిరములను రాత్రిబడికి ఇండు. దీపము ఖర్చు మన సంఘము భరించును. గుడికి పోవు పిల్లలును, చర్చికి పోవు పిల్లలును ఒకే చాపమీద కూర్చుండి లెక్కలు నేర్చుకొందురు. అట్టి మందిరములకు పుస్తకములిచ్చుటకు ఇద్దరు పోషకులు నిన్ననే మాట యిచ్చియున్నారు. వారి పేళ్లు చెప్పవద్దన్నారు.

సవరణ కాగితము కార్యదర్శిగారి బల్లమీద నున్నది. ప్రతిపాదించుటకు నేను సిద్ధముగా నున్నాను; బలపరచుటకు ఒక సంతకము కావలెను. అది బాప్తిస్మము పొందనివారి సంతకమైన మేలని నా కోరిక. భోజనములకు గంట కొట్టుటకు ఇంకను అరగంట యున్నదని అధ్యక్షులవారు సైగ చేయుచున్నారు. ఆక్షేపణలున్నవారు ఇప్పుడే లేచి చెప్పవచ్చును. నేను వేదిక దిగక ఇక్కడనే కూర్చుండెదను.